దంత శస్త్రచికిత్సలో సెడేషన్

దంత శస్త్రచికిత్సకు భయపడే రోగి మనసును మందుల సహాయంతో నెమ్మదింపజేసి, చికిత్స ప్రశాంతంగా సాగేటట్లు చేసే పద్ధతిని సెడేషన్ అంటారు. తెలుగులో దీనిని ఉపశమన మత్తు అనవచ్చు. పుచ్చిపోయిన పన్ను పీకడం, దవడ ఎముకలో ఇరుక్కున్న జ్ఞానదంతాన్ని కోసి తీయడం, చీముగడ్డను కోయడం, కట్టుడుపళ్ళకు ఆధారంగా ఎముకలో ఇంప్లాంట్లు బిగించడం వంటి సందర్భాలలో దీని అవసరం కలుగుతుంది. సెడేషన్ వలన రోగికి భయం తగ్గుతుంది గాని నొప్పి పోదు. నొప్పి తెలియకుండా చేసేది చిగుళ్ళలోకి ఇచ్చే స్థానిక మత్తు సూది. కాబట్టి సెడేషన్ తీసుకున్న రోగికి కూడా ఆ సూది తప్పదు. అయితే సూది గుచ్చేటప్పటి ఆందోళన ఉండదు, చాలామందికి తరువాత ఆ సంగతి గుర్తు కూడా ఉండదు.

మత్తు అనే మాట

తెలుగులో "మత్తు" అనే ఒక్క మాట అనేక అర్థాలలో వాడుకలో ఉన్నది. కల్లు తాగినవానికి ఎక్కేది మత్తు. తెల్లవారినా కళ్ళను వదలనిది నిద్రమత్తు. పెదవి మొద్దుబారడమూ మత్తే, ఆపరేషను బల్ల మీద ఒళ్ళు తెలియకుండా పడుకోవడమూ మత్తే. దంతవైద్యుడు "మత్తు ఇచ్చి పన్ను తీస్తాను" అన్నప్పుడు ఆయన ఉద్దేశం ఆ చోటు మాత్రమే మొద్దుబారేటట్లు చేయడం. వినేవారిలో చాలామంది స్పృహ తప్పిస్తారని అనుకుంటారు. తీరా కుర్చీలో కూర్చున్న తరువాత తాము మెలకువగానే ఉండటం చూసి, "నాకింకా మత్తు ఎక్కలేదు" అని కంగారుపడతారు. ఈ గందరగోళం పోవాలంటే మూడింటిని వేరువేరుగా గుర్తించాలి. మొదటిది స్థానిక మత్తు: నరం వద్ద నొప్పి సంకేతాన్ని ఆపుతుంది, మెదడు మీద ప్రభావం ఉండదు. రెండవది ఈ వ్యాసవిషయమైన ఉపశమన మత్తు: మెదడు మీద పనిచేసి ఆందోళనను తగ్గిస్తుంది, రోగి పిలిస్తే పలుకుతాడు. మూడవది సంపూర్ణ మత్తు, అనగా జనరల్ అనస్థీషియా: రోగికి స్పృహ ఉండదు, ఎంత గట్టిగా కదిపినా లేవడు.

భయం, దాని పర్యవసానం

పంటి చికిత్స అంటే భయపడటం పిరికితనం కాదు. నోరు ఊపిరికీ, మాటకూ, ఆహారానికీ ద్వారం. ఆ ద్వారం తెరిచి, వెల్లకిలా పడుకొని, మాట్లాడే వీలు లేకుండా మరొకరి చేతిలోని పదునైన పనిముట్లకు అప్పగించడం ఎవరికైనా కష్టమే. చిన్నతనంలో మత్తు సరిగా పట్టకముందే పన్ను పీకించుకున్న అనుభవం ఉన్నవారిలో ఈ భయం జీవితాంతం నిలిచిపోతుంది. డ్రిల్లు చప్పుడు, లవంగనూనె వాసన, పొడవైన సూది వంటివి చూడగానే గుండె దడ మొదలవుతుంది.

ఈ భయాన్ని కొలవడానికి నార్మన్ కోరా 1969లో ఒక ప్రశ్నావళిని ప్రచురించారు. దానిని సవరించి 1995లో హంఫ్రిస్, ఆయన సహచరులు ఐదు ప్రశ్నల పట్టికగా రూపొందించారు. రేపు దంతవైద్యుని వద్దకు వెళ్ళాలంటే ఎలా ఉంటుంది, వేచి ఉండే గదిలో ఎలా ఉంటుంది, డ్రిల్లింగుకు, పళ్ళు శుభ్రం చేయడానికి, చిగుళ్ళలో సూదికి ఎలా ఉంటుంది అన్నవే ఆ ప్రశ్నలు. జవాబులను బట్టి 5 నుండి 25 వరకు మార్కులు వస్తాయి. 19 లేదా అంతకు మించి వస్తే భయం తీవ్రంగా ఉన్నట్లు లెక్క. రెండు నిమిషాలలో పూర్తయ్యే ఈ పరీక్షను మన ఆసుపత్రులలో కూడా అలవాటు చేసుకుంటే, భయాన్ని లోపల అణచుకొని కూర్చునే రోగులు ముందే బయటపడతారు.

భయం వలన కలిగే అసలు నష్టం వాయిదా. పంటిలో చిన్న గుంతగా ఉన్నప్పుడు పూడ్చుకుంటే సరిపోయే పిప్పిపన్ను, నెలల తరబడి లవంగం పెట్టుకుంటూ, నొప్పి మాత్రలు మింగుతూ గడిపితే వేరు దాకా చీము పడుతుంది. కింది దవడ పళ్ళ చీము నాలుక కిందికి, గడ్డం కిందికి, మెడలోకి పాకవచ్చు. దీనిని లుడ్విగ్స్ ఆంజైనా అంటారు. 1836లో జర్మన్ వైద్యుడు విల్‌హెల్మ్ ఫ్రెడరిక్ వాన్ లుడ్విగ్ దీనిని వర్ణించాడు. నాలుక పైకి లేచి, గొంతు మూసుకుపోయి, ఊపిరాడక ప్రాణం పోయే ప్రమాదం ఉన్నది. గడ్డం కింద రెండువైపులా గట్టిగా వాచి, మింగలేక చొంగ కారుతున్న రోగిని వెంటనే పెద్దాసుపత్రికి చేర్చాలి. ఆ దశకు వచ్చిన రోగికి మామూలు సెడేషన్ ఇవ్వడం కూడా అపాయకరమే. ఏ భయం వలన పన్ను పీకించుకోలేదో, ఆ భయాన్ని సులువుగా తీర్చే మార్గం సరిగ్గా అవసరమైన వేళకు మూసుకుపోతుందన్నమాట.

పై పన్ను పీకితే కంటిచూపు పోతుందనే నమ్మకం మన పల్లెలలో, పట్టణాలలో కూడా వినబడుతుంది. ఇది నిజం కాదు. పంటికి వెళ్ళే నరం, చూపునకు సంబంధించిన నరం వేరువేరు. వయసు మీరినవారికి పళ్ళు ఊడే కాలమూ, కంటిలో శుక్లాలు వచ్చే కాలమూ ఒకటే కావడం ఈ నమ్మకానికి కారణమై ఉండవచ్చు.

చరిత్ర

మత్తు వైద్యశాస్త్రానికి పునాది వేసినవారిలో దంతవైద్యులు ముందున్నారు. పళ్ళు పీకేవారి వద్దకే నొప్పికి భయపడే జనం నిత్యం వచ్చేవారు కాబట్టి ఇందులో వింత లేదు. నైట్రస్ ఆక్సైడ్ వాయువును 1772లో జోసెఫ్ ప్రీస్ట్లీ కనుగొన్నాడు. హంఫ్రీ డేవీ దానిని స్వయంగా పీల్చి చూసి, శస్త్రచికిత్సలలో నొప్పి తగ్గించడానికి ఉపయోగపడవచ్చునని 1800లో వ్రాశాడు. ఆ సూచనను నలభై ఏళ్ళకు పైగా ఎవరూ పట్టించుకోలేదు. ఈలోగా ఆ వాయువు నవ్వు పుట్టించే వినోదంగా ప్రదర్శనశాలలకు ఎక్కింది. లాఫింగ్ గ్యాస్ అనే పేరు అలా స్థిరపడింది.

1844 డిసెంబరు 10న అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ పట్టణంలో గార్డ్‌నర్ కోల్టన్ అనే వ్యక్తి అటువంటి ప్రదర్శన ఇచ్చాడు. వాయువు పీల్చిన ఒక యువకుడు గెంతులు వేస్తూ కాలికి గాయం చేసుకున్నాడు, కాని నొప్పే తెలియలేదన్నాడు. ప్రేక్షకులలో ఉన్న హోరెస్ వెల్స్ అనే దంతవైద్యుడు ఇది గమనించాడు. మరునాడే కోల్టన్ చేత వాయువు పట్టించుకొని, జాన్ రిగ్స్ అనే తోటి దంతవైద్యుని చేత తన పన్నునే పీకించుకున్నాడు. నొప్పి తెలియలేదు. 1845 జనవరిలో బోస్టన్‌లో వైద్య విద్యార్థుల ఎదుట చేసిన ప్రదర్శనలో మాత్రం రోగి అరిచాడు, చూసినవారు మోసమని గేలి చేశారు. ఆ అవమానం నుండి వెల్స్ కోలుకోలేదు; 1848లో 33 ఏళ్ళ వయసులో మరణించాడు. ఆయనకు పరిచయస్థుడైన విలియం మార్టన్, అతడూ దంతవైద్యుడే, 1846 అక్టోబరు 16న అదే నగరంలో ఈథరుతో విజయం సాధించి పేరు పొందాడు. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 1864లో వెల్స్ ఘనతను గుర్తించింది. అప్పటికి ఆయన పోయి పదహారేళ్ళు.

కోల్టన్ 1863 నుండి ఈ వాయువును పళ్ళు పీకడంలో మళ్ళీ ప్రచారంలోకి తెచ్చాడు. ఆ రోజులలో ప్రాణవాయువు కలపకుండా వాయువును ఇచ్చేవారు, రోగి ముఖం నీలంగా మారేది. 1868లో షికాగో వైద్యుడు ఎడ్మండ్ ఆండ్రూస్ ప్రాణవాయువు కలిపి ఇవ్వవచ్చునని చూపాడు. నేటి పద్ధతికి మూలం అదే.

స్థానిక మత్తు 1884లో కార్ల్ కోలర్ కంటి చికిత్సలో కొకెయిన్‌ను ఉపయోగించడంతో మొదలైనది. స్వీడన్‌కు చెందిన నీల్స్ లోఫ్‌గ్రెన్ 1943లో తయారుచేసిన లిగ్నోకైన్ నేటికీ దంతవైద్యుని ప్రధాన సాధనం. 1963లో డయజెపాం, ఆ తరువాత మిడజోలాం రావడంతో రోగి మెలకువ పోగొట్టకుండా భయం మాత్రమే పోగొట్టే అవకాశం ఏర్పడింది.

మత్తులోని మెట్లు

మందు పెరిగేకొద్దీ రోగి ఒక్కొక్క మెట్టు లోతుకు దిగుతాడు. అమెరికన్ సొసైటీ ఆఫ్ అనస్థీషియాలజిస్ట్స్ దీనిని నాలుగు మెట్లుగా వర్గీకరించింది. స్వల్ప మత్తులో రోగి తేలికపడతాడు, మామూలుగా మాట్లాడతాడు. మధ్యస్థ మత్తులో కునుకుతూ ఉంటాడు గాని పేరు పెట్టి పిలిచినా, భుజం తట్టినా పలుకుతాడు. ఊపిరి తనంతట తానే సరిగా పీలుస్తాడు. గాఢమైన మత్తులో నొప్పి కలిగిస్తేనో పదేపదే కదిపితేనో తప్ప పలకడు, నాలుక వెనక్కు జారి ఊపిరి అడ్డవచ్చు. చివరిది సంపూర్ణ మత్తు.

ఈ మెట్ల మధ్య గోడలు లేవు. ఒకే మోతాదు ఒకరిని తేలికపరిస్తే మరొకరిని గాఢనిద్రలోకి తోసివేయవచ్చు. అందుచేత మధ్యస్థ మత్తు ఇచ్చే వైద్యునికి, రోగి అనుకున్నదానికంటె ఒక మెట్టు కిందికి జారినా కాపాడే శిక్షణ, సామగ్రి ఉండాలన్నది అన్ని దేశాలలోనూ అంగీకరించిన సూత్రం. రోగి మాటకు పలకడం మానితే అది మంచి నిద్ర అని సంతోషించకూడదు, మోతాదు మించినట్లు గ్రహించాలి.

నైట్రస్ ఆక్సైడ్

ఇది రంగు లేని, కొద్దిగా తీపి వాసన గల వాయువు. ముక్కు మీద అమర్చిన చిన్న తొడుగు ద్వారా ప్రాణవాయువుతో కలిపి పీల్పిస్తారు. నోరు తెరిచి ఉంటుంది కాబట్టి వైద్యుని పనికి అడ్డు రాదు. మొదట ప్రాణవాయువు మాత్రమే ఇచ్చి, తరువాత నైట్రస్ ఆక్సైడును కొద్దికొద్దిగా పెంచుతారు. సాధారణంగా 30 నుండి 50 శాతం మధ్య రోగికి హాయి కలుగుతుంది. వేళ్ళ చివర్లు చిమచిమలాడతాయి, శరీరం తేలిపోతున్నట్లు ఉంటుంది, కాలం త్వరగా గడిచినట్లు తోస్తుంది. పేరును బట్టి అందరూ పగలబడి నవ్వుతారని అనుకోనక్కరలేదు.

ఈ వాయువు రక్తంలో చాలా తక్కువగా కరుగుతుంది. దీని సుగుణాలన్నిటికీ కారణం ఇదే. రక్తంలో నిలవదు కనుక కొద్ది నిమిషాలలో పనిచేస్తుంది, ఆపిన కొద్ది నిమిషాలలో దిగిపోతుంది. మోతాదు ఎక్కువైనట్లు అనిపిస్తే మర తిప్పి తగ్గించవచ్చు. మింగిన మాత్రను వెనక్కు తీసుకోలేము, ఇక్కడ ఆ ఇబ్బంది లేదు. మామూలు వాతావరణ పీడనంలో ఈ వాయువు ఒక్కటే సంపూర్ణ మత్తు కలిగించలేదు. పైగా నేటి దంతవైద్య యంత్రాలు ప్రాణవాయువు 30 శాతానికి తగ్గకుండా చూస్తాయి, ప్రాణవాయువు సరఫరా ఆగితే నైట్రస్ ఆక్సైడునూ ఆపివేస్తాయి. చివరన సుమారు 5 నిమిషాలు ప్రాణవాయువు మాత్రమే ఇస్తారు. లేకపోతే రక్తం నుండి ఒక్కసారిగా వెలువడే నైట్రస్ ఆక్సైడు ఊపిరితిత్తులలో ప్రాణవాయువును పలుచన చేస్తుంది.

ముక్కు దిబ్బడ ఉన్నవారికి ఇది పనిచేయదు. గర్భిణులకు మొదటి మూడు నెలలలో ఇవ్వరు. కంటిలో వాయువు నింపిన రెటీనా శస్త్రచికిత్స ఇటీవల జరిగినవారికి ఇది నిషిద్ధం. వాయువు బుడగ ఉబ్బి చూపు పోతుంది. మరొక సంగతి మన దేశంలో ప్రత్యేకంగా గుర్తుంచుకోదగినది. నైట్రస్ ఆక్సైడు శరీరంలోని బి12 విటమినును నిరుపయోగం చేస్తుంది. ఆరోగ్యవంతునికి ఒకసారి పీల్చినందువలన హాని లేదు గాని, అసలే బి12 లోపం ఎక్కువగా ఉన్నవారిలో వెన్నుపాము దెబ్బతిన్న సందర్భాలున్నాయి. శాకాహారులలో, ముఖ్యంగా పాలు పెరుగు కూడా అంతగా తీసుకోని వృద్ధులలో, ఈ లోపం సాధారణం. అరికాళ్ళ తిమ్మిర్లు, నడకలో తూలు ఉన్నవారు ఆ విషయం వైద్యునికి చెప్పాలి. ఇది భూమిని వేడెక్కించే వాయువు కూడా; ఆ గుణంలో బొగ్గుపులుసు వాయువు కంటె సుమారు 270 రెట్లు బలమైనది.

నోటి మాత్రలు

సూది అంటేనే భయపడేవారికి అన్నిటికంటె సులువైన మార్గం మాత్ర. డయజెపాం, అల్ప్రాజోలాం, లోరజెపాం వంటి బెంజోడయజెపీన్ జాతి మందులు ఇందుకు వాడతారు. చికిత్సకు సుమారు గంట ముందు ఇస్తారు. రాత్రి నిద్ర పట్టనివారికి ముందు రాత్రి కూడా ఒక మాత్ర ఇవ్వడం కలదు. కడుపులో మందు ఎప్పుడు, ఎంత ఇంకుతుందో కచ్చితంగా చెప్పలేకపోవడం దీని లోపం. పనిచేయలేదని రోగి తనంతట తాను రెండవ మాత్ర మింగితే, రెండూ ఒకేసారి పనిచేసి ప్రమాదం కలగవచ్చు. డయజెపాం చాలా నెమ్మదిగా శరీరాన్ని వదులుతుంది. రక్తంలో దాని పరిమాణం సగానికి తగ్గడానికే ఒకటి రెండు రోజులు పడుతుంది.

వీటిలో డయజెపాం, అల్ప్రాజోలాం భారతదేశంలో హెచ్1 షెడ్యూలు కిందికి వస్తాయి. 2014 నుండి అమలులో ఉన్న ఆ నియమం ప్రకారం చీటీ లేకుండా అమ్మరాదు, అమ్మిన దుకాణం రోగి పేరు, వైద్యుని పేరు నమోదు చేసి మూడేళ్ళు భద్రపరచాలి. తెలంగాణలో మరొక సమస్య ఉన్నది. కల్లులో అల్ప్రాజోలాం, డయజెపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపి అమ్ముతున్న సంఘటనలు ఎక్సైజు శాఖ తనిఖీలలో అనేకసార్లు బయటపడ్డాయి. అటువంటి కల్తీకల్లుకు అలవాటుపడిన రోగి శరీరం ఈ మందులకు ముందే లొంగి ఉంటుంది. మామూలు మోతాదు అతనిపై పనిచేయదు. కల్లు మాని వచ్చిన రోజున వణుకు, మూర్ఛలు రావచ్చు. అందువలన రోజూ కల్లు తాగే అలవాటును సిగ్గుపడి దాచడం మంచిది కాదు. వైద్యుడు కూడా "మద్యం తాగుతారా" అని మాత్రమే అడిగితే సరైన జవాబు రాదు. కల్లును మద్యంగా లెక్కవేయనివారు చాలామంది ఉన్నారు.

నరానికి ఇచ్చే మందు

ఇక్కడ నరం అనగా వాడుక భాషలోని నరం, అంటే సిర. చేతి సిరలో సన్నని గొట్టం అమర్చి మిడజోలాం ఇస్తారు. ఒకేసారి మొత్తం ఎక్కించరు. 1 మిల్లీగ్రాము చొప్పున, వృద్ధులకు ఇంకా తక్కువగా ఇచ్చి, ప్రతిసారీ రెండు మూడు నిమిషాలు ఆగి చూస్తారు. రోగి మాట నెమ్మదించి, కనురెప్పలు వాలి, భయం పోయిన చోట ఆపుతారు. రోగికి తగినంత మందు ఎంతో పుస్తకం చెప్పదు, రోగే చెప్తాడు. ఇదే ఈ పద్ధతి గొప్పదనం. మందు పనిచేస్తున్న సమయంలో జరిగినవి గుర్తుండకపోవడం మిడజోలాం ప్రత్యేక లక్షణం. గంటసేపు ఎముక తొలిచి జ్ఞానదంతాన్ని తీసినా, "అప్పుడే అయిపోయిందా" అని రోగి అడగడం పరిపాటి.

ఫ్లూమజెనిల్ అనే విరుగుడు మందు దీనికి కలదు. అయితే విరుగుడు ప్రభావం సుమారు గంటలో తీరిపోతుంది, మిడజోలాం అంతకంటె ఎక్కువసేపు ఉంటుంది కనుక రోగి మళ్ళీ మత్తులోకి జారవచ్చు. కాబట్టి విరుగుడు ఇచ్చి వెంటనే ఇంటికి పంపరాదు. పైన చెప్పిన కల్తీకల్లు అలవాటున్నవారికి ఫ్లూమజెనిల్ ఇస్తే మూర్ఛలు వచ్చే ప్రమాదం ఉన్నది. పళ్ళ వాపునకు ముందుగా ఎరిత్రోమైసిన్ లేదా క్లారిత్రోమైసిన్ వాడుతున్నవారిలో మిడజోలాం త్వరగా విరగదు, అదే మోతాదు ఎక్కువగా పనిచేస్తుంది.

మత్తు వైద్య నిపుణుడు ఉన్నచోట ప్రొపొఫాల్, ఫెంటానిల్, కెటమిన్, డెక్స్‌మెడిటోమిడిన్ కూడా వాడతారు. ప్రొపొఫాల్‌కు విరుగుడు లేదు, మధ్యస్థ మత్తుకూ సంపూర్ణ మత్తుకూ మధ్య దాని అంతరం చాలా సన్నం. పన్ను తీసే వైద్యుడే ఒంటరిగా దీనిని నడపడం తగదు.

సంపూర్ణ మత్తు

చికిత్సకు ఏమాత్రం సహకరించలేని చిన్నపిల్లలకు, తీవ్రమైన మానసిక వైకల్యం ఉన్నవారికి, దవడ విరిగినవారికి, ఒకేసారి అనేక పళ్ళకు చికిత్స అవసరమైనవారికి ఆసుపత్రిలో సంపూర్ణ మత్తు ఇస్తారు. ఊపిరి గొట్టాన్ని సాధారణంగా ముక్కు ద్వారా పంపుతారు, నోటిలో పనికి చోటు దొరుకుతుంది. రక్తం, పంటి ముక్కలు గొంతులోకి జారకుండా గాజుగుడ్డ చుట్ట పెడతారు. చివరన దానిని తీశారా లేదా అని లెక్క చూసుకోవడం చిన్న విషయంగా కనిపించినా ప్రాణాలకు సంబంధించినది. బ్రిటనులో ఒకప్పుడు వీధిలోని దంతవైద్యశాలలలోనే సంపూర్ణ మత్తు ఇచ్చేవారు. మరణాలు సంభవించడంతో 2001 చివరి నుండి తీవ్రచికిత్సా సదుపాయం గల ఆసుపత్రులకే దానిని పరిమితం చేశారు.

పిల్లల విషయంలో

పిల్లలకు మందుకంటె ముందు మాట. ఏం చేయబోతున్నారో చెప్పి, పనిముట్టును చూపి, ఆ తరువాతనే చేసే "చెప్పు, చూపు, చేయి" పద్ధతిని అడెల్‌స్టన్ 1959లో ప్రచారం చేశారు. నొప్పి అనిపిస్తే ఎడమ చేయి ఎత్తమని, ఎత్తగానే ఆపుతానని మాట ఇచ్చి నిలబెట్టుకుంటే పెద్దలలో కూడా సగం భయం పోతుంది. "అల్లరి చేస్తే సూది వేయిస్తా" అని ఇంట్లో బెదిరించి పెంచిన పిల్లవానికి ఆస్పత్రి గడప దాటగానే ఏడుపు రావడంలో వాని తప్పు లేదు.

మందు అవసరమైతే నైట్రస్ ఆక్సైడు, లేదా పానీయంగా మిడజోలాం ఇస్తారు. పిల్లల ఊపిరి మార్గం సన్నం, నాలుక పెద్దది, శరీరంలో ప్రాణవాయువు నిలువ తక్కువ. ఊపిరి ఆగితే పెద్దవారికంటె చాలా త్వరగా ప్రమాదంలో పడతారు. వాపిరిగొంతు గడ్డలు పెరిగి గురక పెట్టే పిల్లలకు మరింత జాగ్రత్త అవసరం. పిల్లలకు దంతవైద్యశాలలో గాఢమైన మత్తు ఇచ్చేటప్పుడు, పన్ను తీసే వైద్యుడు కాక, మత్తును గమనించడమే పనిగా గల మరొక నిపుణుడు తప్పనిసరిగా ఉండాలని అమెరికాలోని పిల్లల వైద్యుల, పిల్లల దంతవైద్యుల సంఘాలు 2019లో స్పష్టం చేశాయి. బరువు తూచకుండా, వయసును బట్టి అంచనాగా మందు ఇవ్వడం ఎక్కడా అంగీకారం కాదు.

ముందు జాగ్రత్తలు, పర్యవేక్షణ

గుండెజబ్బు, ఉబ్బసం, మూత్రపిండాల వ్యాధి, నిద్రలో ఊపిరి ఆగే గురక, స్థూలకాయం, గర్భం, వాడుతున్న మందులు, గతంలో మత్తుతో ఎదురైన ఇబ్బందులు అన్నీ ముందే తెలపాలి. సిరలోకి ఇచ్చే సెడేషన్‌కు, సంపూర్ణ మత్తుకు ముందు సాధారణంగా ఆరు గంటలు ఘనాహారం, రెండు గంటలు మంచినీరు మానాలి. టీ, కాఫీలలో పాలు ఉంటాయి కాబట్టి అవి నీటి లెక్కలోకి రావు. నీరసపడుతుందని బిడ్డకు దారిలో రహస్యంగా ఇడ్లీ పెట్టే తల్లిదండ్రులు ఉన్నారు. వాంతి అయి ఊపిరితిత్తులలోకి పోతే ఆ ఇడ్లీ ప్రాణం తీస్తుంది.

చికిత్స సాగుతున్నంతసేపు నాడి, రక్తపోటు, రక్తంలోని ప్రాణవాయువు గమనిస్తారు. కోవిడ్ కాలంలో ఇంటింటికీ పరిచయమైన పల్స్ ఆక్సీమీటరు ఇక్కడ ముఖ్యమైన పరికరం. గోళ్ళరంగు, నల్లని గోరింటాకు దాని లెక్కను తప్పించవచ్చు. అదనంగా ప్రాణవాయువు ఇస్తున్నప్పుడు ఊపిరి ఆగినా ఆ అంకె కొంతసేపు బాగానే కనిపిస్తుంది. అందుకని విడిచే ఊపిరిలో బొగ్గుపులుసు వాయువును కొలిచే కాప్నోగ్రాఫును కూడా లోతైన మత్తులో వాడతారు.

చికిత్స తరువాత

నైట్రస్ ఆక్సైడు మాత్రమే తీసుకున్న పెద్దవారు కొద్దిసేపట్లో మామూలవుతారు. మాత్ర గాని, సిరలో మందు గాని తీసుకున్నవారిని తోడు లేకుండా పంపరాదు. 24 గంటలు వాహనం నడపడం, యంత్రాల వద్ద పనిచేయడం, పొయ్యి వద్ద వంట, మద్యం మానాలి. రిజిస్ట్రేషను కాగితాలు, బ్యాంకు పత్రాల మీద సంతకం పెట్టరాదు; ఏం సంతకం చేశారో మరునాడు గుర్తుండకపోవచ్చు. మన ఊళ్ళలో రోగిని మోటారుసైకిలు వెనుక కూర్చోబెట్టి తీసుకువెళ్ళడం మామూలు. కునికిపాట్లు పడే మనిషి పట్టు తప్పి పడిపోతాడు, కనుక ఆటో గాని కారు గాని కుదుర్చుకోవడం మేలు.

స్థానిక మత్తు రెండు మూడు గంటలు, కింది దవడలో ఒక్కొక్కప్పుడు ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. ఆలోగా వేడి పదార్థాలు తాగితే నోరు కాలినా తెలియదు. పిల్లలు మొద్దుబారిన పెదవిని తమాషాగా నమిలి పుండు చేసుకుంటారు, మరునాటికి అది వాచి తెల్లగా కనిపిస్తే చీము పట్టిందని పెద్దలు భయపడతారు. చాలావరకు అది వారం పది రోజులలో మానిపోయే కొరుకుడు గాయమే. ఇంటికి వచ్చిన తరువాత రోగిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, మధ్యమధ్య పేరు పెట్టి పిలిచి చూడాలి. ఎంత పిలిచినా పలకకపోయినా, పెదవులు నీలంగా మారినా, ఊపిరి గురగురమని ఆగి ఆగి వస్తున్నా 108కి ఫోను చేసి ఆసుపత్రికి తరలించాలి.